సబ్బునురగ పరీక్ష

బరంపురం దేవాంగుల వీధిలో
ఇంటికీ ఇంటికీ గోడ ఒక్కటే.
ఈ ఇంట్లో పోపు వేస్తే
ఆ ఇంట్లో దగ్గుతారు.
ఇక్కడ గ్యాసు పైపు వేయాలంటే
ఒక సంతకం, మూడిళ్ళ సలహా.

నేను దండాసిని, ఫిట్టర్ని.
సంచిలో రెండు రెంచీలు, టెఫ్లాన్ టేపు,
సీసాడు సబ్బునీళ్ళు.
వెనక నిచ్చెన మోస్తూ టుకునా.
వాడికి నా తెలుగు సగం, నాకు వాడి ఒడియా సగం,
కలిపితే ఒక పూర్తి పని.

ఊర్మిళ మావుసి గుమ్మంలోనే ఆపింది.
"ఏటి పైపు బాబూ, ఇనపదా, పిలాస్టిక్కా?
తుప్పడితే? ఎలక కొరికితే?"

సరైన ప్రశ్న. గడప మీద కూర్చుని చెప్పాను.

వీధి కింద పోయేది పసుపు పైపు, మావుసీ.
తుప్పంటే దానికి తెలీదు.
మట్టిలో ఉన్నన్నాళ్ళూ మహారాణి,
ఎండ సోకితే బిరుసెక్కి పోతుంది.
అందుకే నేల దాటి తల ఎత్తేచోట
ఇనుము చేతికి అప్పగిస్తాం.

జింకు పూసిన ఇనుము గోడ ఎక్కుతుంది.
వానకి వెరవదు. వంగమంటే వంగదు.
మూల వచ్చిందంటే ఒక ఎల్బో,
ఎల్బో ఒక్కటికి అతుకులు రెండు,
అతుకు అన్నాక అనుమానం.

రాగి మాట వింటుంది,
చేత్తో పట్టి తిప్పినట్టు తిరుగుతుంది.
కానీ రాత్రి వీధిలో వదిలితే
తెల్లారేసరికి ఏ తూకంలోనో ఉంటుంది.

ఇంకోటుంది: నడుమ అల్యూమినియం రేకు,
లోపలా బయటా ప్లాస్టిక్కు.
"మీ జరీ లాగే" అన్నాను, మెప్పుకోసం.
మావుసి నవ్వలేదు.
"జరీలో దారం లోపల, వెండి పైన.
నువ్వు చెప్పింది తిరగేసిన జరీ."
తప్పు ఒప్పుకున్నాను.

ఆఖర్న పొయ్యి దగ్గర మూరెడు రబ్బరు గొట్టం,
నారింజ రంగు, కడుపులో ఉక్కుతీగ అల్లిక.
అన్నిట్లోకీ దాని ఒంటి మీదే తారీఖు అచ్చు:
ఈ రోజు దాటితే మార్చెయ్యండి.
"నా మీదా ఒకటి అచ్చేసుంటే బాగుణ్ణు,
బీరువా సర్దేసుకుందును" అందామె.

వంటగదికి దారి మగ్గం గదిలోంచే.
మగ్గం లేదు. గుంట ఉంది.
గుంటలో ఉల్లిపాయలు, చిరిగిన గొడుగు,
అంచున, ఇన్నాళ్ళూ, సిలిండరు.

నాకు వెన్ను జలదరించింది.
సిలిండరు గ్యాసు బరువైంది, మావుసీ,
కారితే పాకుతూ వెళ్ళి గుంటలో పడుకుంటుంది.
ఈ పైపు గ్యాసు తేలిక, పైకి పోతుంది.
పోడానికి దానికో దారి కావాలి.
చూరు కింద ఆ వెంటిలేటరుకి
పలక కొట్టిందెవరు?

"నేనే కొట్టించాను."
ఉల్లిపాయ పొట్టు ఒకటి తీసి గుంటలోకే వేసింది.
"పక్కింటోళ్ళ మగ్గం చప్పుడు అందులోంచే వస్తాది.
మాది అమ్మేసిన నెల."

టుకునాకి ఆ తెలుగు అందలేదు,
లేదా అందిందేమో.
సుత్తి నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు.

రూలు ప్రకారం గాలి ఆడకపోతే కనెక్షన్ లేదు.
రూలు నాది కాదు. సుత్తి నాదే.
ముందు గోడకి కన్నం వేశాను,
కన్నంలో తొడుగు, తొడుగులో పైపు,
గోడ కదిలినా పైపు నలక్కుండా.
క్లాంపులు బిగించాను. రంగు తర్వాత.
ఇక చేసే పని లేక నిచ్చెనెక్కాను.

నాలుగు మేకులు. మూడు సులువుగానే వచ్చాయి.

కిందకి దిగి గాలి పట్టించి
అతుకు అతుక్కీ సబ్బునురగ రాశాం.
మూడో ఎల్బో దగ్గర ఒక బుడగ,
ఆవగింజంత, పెరుగుతూ.
"రంగేస్తే మూసుకుపోతుంది భాయినా" అన్నాడు టుకునా.
"పోగు తెగితే ఈమె రంగేసిందా?" అన్నాను.
విప్పాం. మళ్ళీ మరలకి టేపు చుట్టాం.

రెండోసారి నురగ కదల్లేదు.
టుకునా దాన్నే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.
మావుసి మాత్రం చూరుకేసి.
గ్యాసు ఇంకా రాలేదు ఆ ఇంట్లోకి.
డబ్, డబ్, ఆగి, మళ్ళీ డబ్.

"ఆడికి కుడిచెయ్యి బరువు" అంది,
"అంచు బిగుసుకుపోతాది."
కాయితం మీద సంతకం ఎక్కడో అడిగింది.