ఆఖరిది అమ్మను

హార్లిక్స్ సీసా నిండా కాయితం కండెన్సర్లు.
జండూబామ్ డబ్బీల్లో రెసిస్టర్లు, గోధుమ, నలుపు, పసుపు,
ఆ చారలు నాకు అక్షరాల కన్నా ముందొచ్చాయి.
పాత క్యాలెండర్ కాయితంలో చుట్టి
గంపలో గుడ్లలా పక్కపక్కన వాల్వులు,
ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నంబరు,
ఎర్రబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో, అదీ.

గూడూరు స్టేషను వెనక సందులో రేకుల కొట్టు.
ఏడాదికి ఆరు రేడియోలొస్తే గొప్ప.
"ఆరింటికి ఆరొందల డబ్బాలా మామా?" అంటుంది
మా కోడలు సుభాషిణి, చీపురు ఆపకుండా.

జిలానీ సాయిబు నాకు నేర్పింది రిపేరు కాదు, దాచడం.
"రిపేరు ఎవుడన్నా చేస్తాడ్రా చెంచయ్యా,
లేని సామాను యాడ తెస్తాడు?"
శనివారం పాసింజర్లో మద్రాసు పోయి
పాత సామాన్ల కొట్ల ముందు గొంతుక్కూర్చుని
చాటలో రాళ్ళేరినట్టు ఏరేవాడు.
ఆయన లెక్క ఒకటే.
రెండుంటే ఒకటి అమ్ము. ఒకటే ఉంటే, లేదని చెప్పు.
లేదని చెప్పిన రాత్రి
ఆయనకు నిద్ర పట్టేది కాదు, అది వేరే సంగతి.

దాచినంత మాత్రాన ఉంటాయా!
ఎండాకాలం మధ్యాహ్నం కాయితం కండెన్సర్లు
చంటిబిడ్డ ముక్కులా మైనం కారుస్తాయి.
ఎలక్ట్రోలిటిక్‌లను ఊరికే కూర్చోబెడితే లోలోపల ఎండిపోతాయి.
ఆర్నెల్లకోసారి కిందికి దించి
ముందు నలభై వోల్టులు, కాసేపాగి ఎనభై,
జొరమొచ్చి లేచినోడికి గంజి పట్టినట్టు పట్టాలి.
తొందరపడ్డానా, ఢామ్మని
మొహమంతా పీలికలు.

చెడనిది ఒక్క అభ్రకం.
చాక్లెట్ ముక్కల్లాంటి చిన్న బిళ్ళలు,
నా కన్నా వయసులో పెద్దవి,
మీటరు పెడితే ముల్లు అటూ ఇటూ కదలదు.

మా అమ్మ చెంగమ్మ సైదాపురం దోవలో
అభ్రకం షెడ్డులో రేకులు చీల్చేది.
కుడిచేతిలో కత్తి, ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక.
పొద్దుగూకి ఇంటికొస్తే జుట్టులో మెరుపు, కుచ్చిళ్ళలో మెరుపు,
ఒక్కోరోజు అన్నంలో కూడా.
ఓడెక్కిన ఆ రేకులు ఏమవుతాయో ఆమెకు తెలీదు.
నాకు తెలిసిన రోజు ఇంటికి పరిగెత్తా.
చచ్చిపోయిన బిళ్ళను బ్లేడుతో విప్పి
లోపలి రేకు ఆమె అరచేతిలో పెట్టా.
"అమ్మా, నువ్వు చీల్చిందే. పాట దీన్లోంచే పోతుండాది."

ఆమె దీపం దగ్గరికి పోలేదు, ఎండలోకి పోయింది.
రెండు వేళ్ళ మధ్య తిప్పింది,
కంటికి ఆనించుకుని సూర్యుణ్ణి చూసింది.
"ఎర్రడాలురా. ఉత్తరాది సరుకు. మనది పచ్చన గదా"
అని నా చేతిలో పెట్టేసి
చేపలు తోముకోను పోయింది.

అప్పట్నించీ చచ్చిన బిళ్ళలు కూడా పారెయ్యను.
విప్పుతా, ఎండకు పెడతా.
ఎరుపు. ఎరుపు. మళ్ళీ ఎరుపు.
అమ్మ పోయి పదకొండేళ్ళు. ఒక డబ్బా నిండింది.

నిన్న కోట నుంచి ఆటోలో
దశరథరామిరెడ్డి గారి పెద్ద రేడియో దిగింది,
చంటిదాన్ని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.
స్టేషను దొరికితే తెరుచుకునే ఆ పచ్చకన్ను మాడిపోయింది.
అలాంటి కన్ను నా దగ్గర ఒకటే ఉంది.
"ఉందా?"
ఉందన్నా. ఎందుకన్నానో తెలీదు.
సాయిబు ఉండుంటే చెవి మెలేసేవాడు.
ఖాళీ చుట్టకాయితాన్ని మళ్ళీ మడిచి
ఉన్న చోటే పెట్టా, నంబరు పైకి కనపడేట్టు.

రాత్రి పదింటికి కొట్టులో లైటార్పి స్విచ్చేశా.
గుర్రుగుర్రుమంది, ఎవరో అరవంలో ఏదో చెబుతున్నారు,
కన్ను మెల్లగా తెరుచుకుంది.
పక్కన బల్ల మీద, ఆ పెట్టెలోంచే తీసిన చచ్చిన బిళ్ళ.
విప్పా. ట్యూబులైటు వేసి చూశా.
ట్యూబులైటు కింద రంగు చెప్పలేం.
కిటికీ అంచున పెట్టి, గాలికెగరకుండా
పైన ఒక నట్టు ఉంచా.
తెల్లారాలి.