వంక తీసిన ఏరు

మా ఏటి పేరే హద్దు. సకాయ్‌గావా.
ఆ పేరు పెట్టినవాడికి కవిత్వం తెలీదు,
శిస్తు లెక్కలు తెలుసు.

ఇటు మాచిదా, టోక్యో కింద.
అటు సగామిహరా, కనగావా కింద.
నడుమ మోకాలి లోతు నీళ్లు,
ఒంటికాలి మీద ఒక కొంగ.
ఆ కాలు ఏ సర్కారుదో
ముప్ఫై ఒక్క ఏళ్ల నౌకరీలో తేల్చలేకపోయాను.

ఒకప్పుడు ఏరు తాగొచ్చినవాడిలా నడిచేదట.
వానలు పడితే ఎవరింట్లోకంటే వాళ్లింట్లోకి
చెప్పులతోనే వచ్చేసేదట.
ఇంజనీర్లు వచ్చారు, కాంక్రీటు పోశారు,
బడికి పోయే పిల్లకు పాపిడి తీసినట్టు
నిటారుగా దువ్వారు.
ఏటికి వంక పోయింది.
హద్దుకు పోలేదు.
పటం మీద అది ఇంకా
పాత నీళ్ల జాడనే మెలికలు తిరుగుతోంది.
నీటి మీద రాత అంటారు గానీ
నీళ్లు పోయినా రాత నిలిచింది.

అట్లా ఎవరూ ఏరు దాటకుండానే
అవతలి గట్టున పడ్డ ఇళ్లు పదకొండు.
చిట్టచివరిది ఉషికుబో తొమీగారిది.

నవంబరు. కాగితాలు చంకన పెట్టుకుని వంతెన దాటాను.
వసారాలో కూర్చుని, చెవి మిషను సరిచేసుకుని విన్నది,
తొంభై ఒకటో ఏడు ఆమెకి.
"అమ్మా, డిసెంబరు ఒకటి నుంచి మీరు కనగావా వారు.
ఓటు అక్కడే. నిప్పంటుకుంటే బండి అక్కడి నుంచే."
"చెత్త ఎప్పుడు తీస్తారు?"
"మంగళవారం, శుక్రవారం. సంచి వేరే.
ఫోను నంబరు మాత్రం మారదు."
"ఫోను చేసేవాళ్లు పోయారులే" అంది,
టీ పోస్తూ, మామూలుగా.

తరవాత చెప్పింది:
"మా అత్తగారి అత్తగారు కాపురానికొచ్చింది కనగావాకే.
పద్దెనిమిదేళ్ల పిల్ల.
మెయిజీ ఇరవై ఆరు, ఏప్రిల్ నెల.
పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తోంటే
ఊరిపెద్ద వచ్చి, ఇవాళ్టి నుంచి మనది టోక్యో అన్నాడట.
ఎందుకూ అని అడిగింది.
పట్నం తాగే నీళ్లు తమా కొండల్లోంచి పోతాయి,
నీళ్లు తాగేవాడికి కొండ కూడా కావాలి అన్నాడు.
మన ఏరు పట్నం వైపు పోదుగా?
పోదు.
మరి మనమెందుకు?
ఊరిపెద్ద తట్టలోకి తొంగిచూసి
పురుగులు బాగా ఆకలి మీదున్నాయే అని వెళ్లిపోయాడట."

నాకు ఆఫీసులో చదివిన కారణాలన్నీ గుర్తొచ్చాయి.
ఒక్కటీ చెప్పలేదు.

"నేనొచ్చేసరికి ఇది సకాయ్ పల్లె.
నా ముప్ఫై నాలుగో ఏట మాచిదాలో కలిపారు.
ఉత్తరాల మీద అడ్రసు మారుస్తూనే ఉన్నా.
గుమ్మం మాత్రం అదే, చూడు, ఎడమవైపు కుంగింది.
ఇప్పుడు ఆవిడ దిగిన చోటికే నేనూ చేరుతున్నానన్నమాట.
గడప దాటకుండా."

ముద్ర తీసింది. సిరా ఆరింది.
నోటి ఆవిరి ఊది, రెండు చేతులతో అదిమింది.
వంకరగా పడింది.
మళ్లీ వేయమనడం నియమం.
నేను కాగితం మడిచాను.

పెరటి చివర ఒక పల్లం, పాత ఏరు పారిన చోటు.
హద్దు గీత సరిగ్గా దాని మీదే.
ఆ గీత మీద ఆమె ముల్లంగి వేసింది,
సాళ్లు సగం అటు, సగం ఇటు.
వద్దన్నా వినకుండా ఒకటి పీకి
మట్టి దులపకుండానే చేతిలో పెట్టింది.
"వచ్చే నెల ఇంకోటి పట్టుకెళ్లు.
రుచి మారిందేమో మీ ఆఫీసులో రాసుకో."

వంతెన మీదికొచ్చేసరికి చీకటి పడుతోంది.
ముల్లంగి చిన్నపిల్లంత బరువుంది.
కింద కొంగ కాలు మార్చుకుంది.
చూడనట్టు నడిచాను.