చప్ప నీళ్ళు

దేవరకొండ బస్టాండుల దిగితే
నన్ను గుర్తువట్టింది ఒక్క దుమ్మే.
ఇరవై ఏడేండ్లు.
మేం కిరాయికున్న ఇంటి జాగల
ఇప్పుడు టైర్ల దుకాణం.
మా అమ్మ ముగ్గేసిన కాడ ఒక పిలగాడు
పంక్చరైన ట్యూబును తొట్టిల ముంచి
బుడగలు ఎక్కడికెల్లి లేస్తున్నయో చూస్తున్నడు.
నేను కూడ కాసేపు చూసిన.
"ఎవరు గావాలె?" అన్నడు.
చెప్పనీకి ఒక్క పేరన్న నోట్లకు రాలే.

కోట ఉంది. కోట ఎక్కడికి పోతది.
డిపోల మా నాయిన చెయ్యి పడ్డ బస్సులే లేవు.

నేరెడుగొమ్ము దిక్కు పోయే ఆటో ఎక్కిన.
ఎందుకంటే,
ఏడో తరగతిల నా బెంచి మీద
చోడిపల్లి దానయ్యమ్మ కూసునేది.
కృష్ణ ఒడ్డున వైజాగ్ కాలనీ పిల్ల, హాస్టల్ల ఉండేది.
మేం "ఏంది" అంటే అది "ఏటి" అనేది,
క్లాసంత నవ్వేది.
సోమవారం పొద్దున దాని సంచిలకెల్లి
ఎండుచేపల వాసన.
అందరు దూరం జరిగిన్రు.
నేను కూడ జానెడు జరిగిన.
ఒక్క జానెడే.

రోడ్డు అయిపోయిన కాడ నీళ్ళు మొదలైనయి.
సముద్రం లేని జిల్లాల సముద్రపోళ్ళ ఊరు.
కంపచెట్ల మీద ఆరేసిన నీలం వలలు,
థర్మాకోల్ తెప్పలు,
బోర్లేసిన పుట్టి కింద కోడిపిల్లలు,
బండ మీద ఎండుతున్న పరకలు,
వాటికి కావలి ఒక ఒంటికన్ను కుక్క.

దానమ్మ మేనత్త లచ్చయ్యమ్మ
కాలిబొటనవేలికి వల తగిలించుకొని
కుడుతనే చెప్పింది:
"డేము కట్టినప్పుడొచ్చినామమ్మా, మా అయ్య ఎంట.
నీళ్ళున్న సోట మనం బతికీగలమన్నాడు.
వొచ్చి, దోసిట్తో తాగి సూసి,
గట్టుమీద కూకోని ఏడిసీసినాడు.
ఉప్పు నేదు."
ఒకసారి "నేదు" అంటది,
ఎండలు "మస్తు" అంటది.
రెండు ఒక్క నోట్లనే, ఒక్క ముడిలనే.

ఆమె కొడుకు అప్పలకొండ
నన్ను తెప్ప మీద తీస్కపోయిండు.
నడుమ తెడ్డు ఆపి నీళ్ళ మీదికి చెయ్యి చూపిస్తడు:
"ఇది పటేల్ బాయి.
అటు హనుమాండ్ల గద్దె.
ఇక్కడికెల్లి కుమ్మరోళ్ళ వాడ,
జర పక్కకు పోదాం,
కింద గోడుంది, వల చిక్కుతది."
మునిగిన ఊరిని ఆయన ఎన్నడు చూడలే.
ఆ ఊరోళ్ళు ఏ పట్నంల
ఏ వాచ్‌మెన్ గదులల్ల ఉన్నరో తెల్వదు.
చినిగిన వలల లెక్కతోనే
ఇల్లిల్లు గుర్తువెట్టుకున్నడు.

నేనుండిన గల్లి పేరు
పొద్దటి సంది నాకు యాదికొస్తలేదు.

దానమ్మ?
భీమిలి దిక్కు ఇచ్చిన్రంట.
"ఆడ దాన్ని తెలంగాణ పిల్ల అంతారమ్మా.
మొదటిపాలి సముద్దరం మీద పడవెక్కి
కక్కీసింది. అల పడనేదు.
'ఏందిది' అన్నాదట.
అందరూ ఒకటే నవ్వు."

లచ్చయ్యమ్మ కూడ నవ్వింది.
"ఫోన్ కలపమంతావా?"
నాలుగుసార్లు కలిపింది. సిగ్నల్ లేదు.
మంచిదాయె అనుకున్న.
అనుకున్నందుకు
నీళ్ళ దిక్కు మొఖం తిప్పుకున్న.

కిలో పరకలు కొన్న.
పైసలు వద్దే వద్దన్నది, తర్వాత తీసుకున్నది.
ఉప్పు దేవరకొండ సంతల కొంటరంట,
బస్తాకు ఇంతని.

మాపటి బస్సుల నా పక్కనామె
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని
కిటికీ దిక్కు జరిగింది.
ఎంతనో కొలవలే.
"అమ్మా, ఆ సంచి కింద పెట్టు" అన్నడు కండక్టర్.
ఒళ్ళె పెట్టుకున్న.

మల్లేపల్లి దాటినంక
ఆమె నిద్రల తూగి తూగి
తల తెచ్చి
నా భుజం మీద పెట్టింది.