తాలు

ఏటుకూరు రోడ్డులో అద్దె గది.
కిటికీ తెరిస్తే మిర్చి యార్డు ఘాటు,
మూస్తే ఉక్క.
తుమ్ముకుంటూనే లెక్కపెడుతున్నాను
పన్నెండేళ్ళలో ఒక ఉపగ్రహం పట్టుకున్న
గామా కణాల్ని.

ఆ క్వాసార్ నుంచి ఇవి బయల్దేరినప్పుడు
సూర్యుడు లేడు, భూమి లేదు, కృష్ణా లేదు,
కారం అనడానికి నాలుక లేదు.
పదకొండు వందల కోట్ల ఏళ్ళు నడిచొచ్చి
గుప్పెడు కణాలు.
అవైనా నికరంగా దానివేనా అంటే
చెప్పలేను.
పక్కనే ఇంకో క్వాసార్ ఉంది, దగ్గరిది, పెద్ద గొంతుది.
మన పాలపుంత కూడా ఊరికే ఉండదు,
ఆకాశమంతా సన్నగా పొగ పెడుతుంది.
అది తీసెయ్యి, ఇది తీసెయ్యి, మిగిలింది చూడు
అంటారు మా గైడు ఫోన్లో.
నాలుగు సిగ్మాల దగ్గర ఆగింది.
అయిదు కావాలి.
అయిదు లేకపోతే ఎవరూ కొనరు.

కింద రేకుల షెడ్డులో సువార్తమ్మ
ముక్కుకి పైటకొంగు కట్టుకుని
కాయలు ఏరుతుంది.
ఎర్రవి ఇటు, తెల్లబారినవి అటు.
చూపు రోడ్డు మీద ఉంటుంది,
వేళ్ళే ఏరుతుంటాయి.
"తాలుకాయ బరువుండదమ్మా, చేతికి తెలుస్తది."
నా చేతికి ఏమీ తెలీదు.
రాత్రంతా లాప్‌టాప్ కాగి కాగి
తెల్లారి ఒక అంకె ఇస్తుంది.

"ఎన్నొచ్చినయ్?" అంటుంది రోజూ,
టిక్కీల లెక్క అడిగినట్టే.
"ఇరవై మూడు."
"పన్నెండేళ్ళకా!"
ఆమె నవ్వు కుదుపుకి
ఒళ్ళోని కాయల్లో గింజలు గలగలలాడాయి.

నిన్న రాత్రి వాటిని తేదీల వారీగా వరసపెట్టాను.
ఏడాదికి ఒకటి, పై ఏడాది రెండు,
ఏమీ లేదు, ఏమీ లేదు,
ఒక్క మే నెల వారంలో మాత్రం
తొమ్మిది.
అంత దూరాన, అంత పాతకాలంలో,
ఉలిక్కిపడ్డట్టు వెలిగింది అది.
ఆ ఒక్క వారానికే మళ్ళీ లెక్క కట్టాను.
వారాన్ని ఏరుకున్నందుకు తరుగు తీసేసినా
అయిదున్నర.
మెట్లు రెండేసి దూకుతూ కిందికెళ్ళాను.
ఆ వేళప్పుడు చెప్పడానికి ఇంకెవరూ లేరు.

ఏ సంవత్సరమని అడిగింది.
చెప్పాను.
మే నెల్లో ఎప్పుడని అడిగింది.
అదీ చెప్పాను.
వేళ్ళు ఆగాయి.
"మా ఏసోబు వడదెబ్బకి పోయిన వారం."
టిక్కీ మోస్తూ, మిట్టమధ్యాహ్నం,
కాటా పక్కనే.

రేకులు అప్పుడే ఎండకి టక్ టక్ మంటున్నాయి.
"అయితే ఆ వెలుగు మా మీద గూడా పడ్డట్టేనా?"
"లేదు. పైనే ఆగిపోతుంది. గాలి అడ్డం."
"పోన్లే," అంది,
"ఆ వారం ఉన్న ఎండ చాల్లే."

మళ్ళీ ఏరడం మొదలెట్టింది.
ఎర్రవి ఇటు.
గైడుకి ఫోన్ చెయ్యాలి, చెయ్యలేదు.
కాసేపు ఆమె పక్కన గోనె మీద కూర్చుని
అటువైపు పడ్డ కాయ ఒకటి
చేతిలోకి తీసుకున్నాను.