క్రిబ్

గుణదల కొండ కింద, డిసెంబరు చలిలో
గడ్డి పరిచి, అట్టముక్కల గొర్రెల్ని నిలబెట్టి
క్రిబ్ అనేవాళ్ళం దాన్ని.
పసివాణ్ణి మాత్రం అర్ధరాత్రి దాకా
పడుకోబెట్టనిచ్చేది కాదు నాయనమ్మ.

దొంగచాటుగా చూసి రాయడమనీ ఓ అర్థముందని
తొమ్మిదో తరగతిలో డిక్షనరీ చెప్పింది.
నమ్మలేదు. గడ్డిలో దొంగతనమేమిటి?

మొన్న మాచవరంలో ఇంటర్ పరీక్ష.
జోజిబాబు మోచేతి మడతలోంచి
అగ్గిపెట్టెంత కాగితం లాగాను.
మైక్రో జిరాక్స్. ఆవగింజలంత అక్షరాలు.
కళ్ళజోడు నుదుటికెత్తి చదివితే
నా నోట్సే.
తోక తెగిన నా జీ,
అకామడేషన్‌లో రెండు ఎమ్ములకు ఒక్కటే.

ఆ ఎమ్ము నేను మింగింది కాదు.
కనకవల్లి మేడం బోర్డు మీద మింగింది.
మక్కీకి మక్కీ దించుకున్నాను.
ఇరవై రెండేళ్ళుగా, పైన నా పేరేసి,
బీసెంట్ రోడ్డు జిరాక్స్ షాపులో
నూట ఇరవైకి.

"బుక్ చేస్తారా మేడమ్?"
వాడి గొంతులో తడి లేదు.
ఫ్యాను గాలికి నా అరచేతిలో చీటీ రెపరెపలాడింది.
ఎండుగడ్డి వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో.

రాయి, అన్నాను. నీకొచ్చింది రాయి.

హాల్‌టికెట్ నంబరు దాటి
వాడి పెన్ను కదల్లేదు.
గంట కొట్టడానికి ఇంకా
నలభై నిమిషాలుంది.