ఎర్రల బాకీ

ఆదివారం ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి
కుమారపల్లి గల్లీ మలిగేసరికి
ఖాజామియా మా మెట్ల మీద కూసోని ఉంటడు,
మూతకు బొక్కలు పొడిచిన హార్లిక్స్ సీసతోటి.
"సిస్టరమ్మా, ఓ పది ఎర్రలు."

డాబా మీద పదిహేడు బకెట్లు నాయి,
పగిలిన నీళ్ల ట్యాంకు సగం,
మందుసీసలు మంచుల పండుకోని వచ్చిన
రెండు థర్మాకోల్ పెట్టెలు.
పుంటికూర, గంగవాయిలి, ఒక మొండి కాకర,
పిట్టగోడ పొంటి పాకిన ఆనిగెపు తీగ.
దుబ్బను మన్ను చేసింది ఈ ఎర్రలే.
మూడేండ్లు చాయపత్త పెట్టి, అరటితొక్క పెట్టి సాదిన.
గాలానికి గుచ్చెటోనికి ఎట్లియ్యాలె?

ఇచ్చిన. లెక్కవెట్టి ఇచ్చిన.
పదకొండోది ఆయన వేలికి చుట్టుకుంటే
గుంజుకోని మళ్ల బకెట్ల ఏసిన.

బాకీ ఉంచుకునే మనిషి కాదు.
పొద్దుగూకంగ కవరుల చేపతలకాయలు, పొలుసు, పేగులు.
"తీగ మొదట్ల పాతిపెట్టు, జానెడు లోతుకు.
లేకుంటె పిల్లులు పంచాయితి పెడ్తయి."
పెట్టినయి. మూడు పిల్లులు, రాత్రంత.

తీగ మాత్రం ఎగబడ్డది.
ఆకులు కంచమంత.
పిందెలే, బొటనవేలంత అయినంక
పసుపెక్కి, మెత్తబడి, రాలుడే రాలుడు.
పన్నెండు పిందెలు చాటల ఊడ్చిన.
ప్రసూతి వార్డుల పనిచేసేదాన్ని,
చాటను ఎటు వంచాల్నో తెల్వక
కొద్దిసేపు అట్లనే నిలబడ్డ.

ఖాజామియా కంటికి అద్దం బిగించిండు,
మట్టెవాడ దుకాణంల గడియారాల కడుపు చూసే అద్దం.
వాడిన పువ్వును తిప్పితిప్పి చూసి అన్నడు:
"రోగమేం లేదు. దీని టైమే వేరు.
దీపాలు పెట్టేయాళ్లకు ఇచ్చుకుంటది.
అప్పుడు ఇంత ఎత్తుకు ఏ పురుగొస్తది?
నువ్వేమో ఆటోల ఉంటవాయె."

నిన్న నిద్ర పడ్తలేదంటే
బండెనుక ఎక్కించుకోని వడ్డేపల్లి చెరువుకు తీస్కపోయిండు.
జైతూన్‌బీ రెండు డబ్బాలు కట్టింది, ఖిచిడీ, ఖట్టా.
ఎదురుబద్ద, జొన్నబెండు, ఉన్నదో లేదో తెల్వని దారం.
"బెండు దిక్కు చూడకు," అన్నడు, "అది ఊరందరికి చెప్తది.
దారాన్ని ఏలి మీద పెట్టుకో."

పెట్టుకున్న.
నీళ్లు. నీళ్లు. ఒక తూనీగ.
కాజీపేట దిక్కు రైలు కూత.
మళ్ల నీళ్లు.
అండ్లనే సన్నగ, ఒకటి,
ఆగి,
రెండు.
ఇది నేను ఎరిగిందే.
తెల్లారగట్ల మూడింటికి, తొమ్మిదో బెడ్డు పక్కన,
మణికట్టు మీద మూడేళ్లు పెట్టి
ఉన్నదా పోయిందా అని ఎతికేది.
"ఉన్నది!" అని అరిసిన.
కట్ట మీద నడిచేటోళ్లు నిలబడి చూసిన్రు.
గుంజాలెనని మరిచేపోయిన.
జెల్లనో, కొర్రమట్టనో,
చాయపత్త తాగిన ఎర్రను తిని ఎల్లిపోయింది.
ఖాజామియా ఏమనలే. సీస ఎత్తి ఎలుగుల చూసిండు:
"ఇంక తొమ్మిదున్నయి."

ఇయ్యాల సోమవారం, ఏడున్నర.
ఆటో మలుపుకాడ ఆగితే ఎనుకకు చూసిన.
మా డాబా మీద చిన్న ఎలుగు.
కదుల్తది, ఆగుతది, కొంచెం వంగుతది.
టార్చిని పండ్ల నడుమ పట్టుకోని,
పండ్లచక్రాల దుమ్ము దులిపే కుంచె
ఈ పువ్వుకు అద్ది ఆ పువ్వుకు తాకిస్తున్నడు,
చేతులు వణుకుతయని
దుకాణంల సెల్లులు మార్చుడొక్కటే మిగిలిన మనిషి.
పుప్పొడికి వణుకుడే మంచిదట.

"పోదామా మేడం?" అన్నడు ఆటో పిలగాడు.

పిందె నిలబడితే సగం కాయ జైతూన్‌బీకి.
ఎర్రలు మాత్రం పదే.