పట్నం ఆదివారం

పట్నం ఆదివారం
మాకు మంగళవారం వస్తది.

వలిగొండ కింద, కత్వ మీద కూసొని
నీరడి గాలయ్య చెప్పే లెక్క ఇది.
తెల్లారి నురుగు మోకాలెత్తు లేచిందంటే
మొన్న అక్కడ బట్టలుతుక్కున్నరు.
నీళ్లు ఇటుకరంగు తిరిగితే
ఏ ఫ్యాక్టరీ గేటు రాత్రి తెరిచిండ్రో
వాసన పట్టి చెప్తడు.
చవితి దాటినంక ఒకనాడు
తూము కాడ ఒక ప్లాస్టర్ చెయ్యి తట్టుకుంటది,
ఇంకా అభయం ఇస్తనే.
దాన్ని పక్కకు జరిపి, పలక ఎత్తి
జానెడు నీళ్లు విడుస్తడు.

ఒకప్పుడు మూసీ ఎండాకాలం ఎండేదట.
ఇసుకల చెలిమె తోడి, అడుగున ఆకాశం కనపడేదాక ఆగి
చెంబు ముంచేటోళ్లట.
ఇప్పుడు ఎండదు.
పట్నం పెరిగినకొద్దీ మాకు రెండో పంట ఖాయమైంది.
"వాళ్లు తానం చేస్తే మనం నాటేస్తం"
అని నవ్వేది మా అమ్మ బాలమణి,
పిక్కల మీద దద్దుర్లు గోక్కుంట.
పరకలు పోయినయి. జెల్లలు పోయినయి.
గుర్రపుడెక్క మాత్రం పిలవని చుట్టం లెక్క
పూలు పెట్టుకొని కూసున్నది.
బోరు నీళ్లల్ల ఫ్లోరిన్,
ఏటి నీళ్లల్ల పట్నం.
తాగే నీళ్లు ఇరవై రూపాయల డబ్బాల వస్తయి.

నేను ఆ పట్నంలనే గీతలు గీసే కొలువు చేస్త.
నది ఒడ్డు ప్లాను: నడకదారి, బెంచీలు,
నలభై అడుగులకో దీపం.
నీలిరంగు పెన్నుతోని మూసీని నేనే గీసిన.
తూర్పు మూల కాడ కాగితం అయిపోయింది.
"మిగతాది?" అన్న.
"మన హద్దు అంతే" అన్నడు సారు.
మిగతా నది బల్ల మీద ఉండిపోయింది,
చాయ గిలాస అడుగు తడి కింద.

సాయంత్రం గేటు ముందర
సారు పాలకూర బేరమాడుతున్నడు.
కట్ట పదికి రెండు.
"తాజాదేనా, ఏడికెల్లి?"
"వలిగొండ దిక్కు సార్, పొద్దున్నే కోసింది."
మంచిగ ఏరి నాలుగు కట్టలు సంచిల వేసుకున్నడు.
అట్ల, హద్దు దాటిన మూసీ
స్కూటర్ ఎక్కి ఎగువకు పోయింది.

రాత్రి గదిల నల్లా తిప్పిన.
వేళ్ల సందున నీలం సిరా ఇంకా ఉన్నది.
ఇయ్యాల శనివారం.
సోమవారం పొద్దుగూకే యాళ్లకు
ఈ నీళ్లు పలక కాడుంటయి,
గాలయ్య వంగి చూస్తడు.

సబ్బు కొంచెమే తీసుకున్న.